వక్కాకు సంచిలో 43 మాత్రలు

ముప్పై ఒక్క ఏళ్లు ఆర్టీసీలో కండక్టరుగా చేశాను. అందులో ఎక్కువ కాలం కడప–రాయచోటి బస్సులోనే. టికెట్లకూ సంచిలోని డబ్బుకూ లెక్క కుదరకపోతే ఎక్కడ తప్పిందో పట్టుకునేదాకా నాకు నిద్ర పట్టేది కాదు. అలాంటివాణ్ణి, ఇంట్లో మా అమ్మ మాత్రల లెక్క మాత్రం నాలుగేళ్లు చూడలేదు.

అమ్మకు 84 ఏళ్లు. షుగరు వచ్చి 18 ఏళ్లయింది. మూడు నెలలకోసారి ఆసుపత్రికి తీసుకెళ్లేవాణ్ణి. "అవ్వా, మాత్రలు సరిగా వేసుకుంటున్నావా?" అని డాక్టరుగారు అడిగేవారు. "అన్నీ వేసుకుంటున్నా నాయనా" అనేది అమ్మ. రక్తపరీక్ష కాగితంలో మాత్రం 260, 280. వేసుకుంటున్నా తగ్గడం లేదు కాబట్టి ఆయన మోతాదు పెంచేవారు. మెట్‌ఫార్మిన్ 500 పోయి 1000 అయింది. దానికి గ్లిమిపిరైడ్ తోడైంది. అదీ ఒక మిల్లీగ్రాము నుంచి రెండుకు పెరిగింది.

సంక్రాంతికి ఇల్లు దులుపుతున్నప్పుడు మా ఇంటావిడ అమ్మ పాత వక్కాకు సంచిని ఉతకడానికి తీసింది. పళ్లు ఊడిపోయాక అమ్మ వక్కాకు మానేసింది. సంచి మాత్రం తలగడ కిందే ఉండేది. దాన్ని తిరగేస్తే సున్నపు కాయతోపాటు మాత్రలు రాలాయి. పొడవాటి తెల్లవి ఎక్కువ, చిన్న రంగువి కొన్ని. కొన్ని పొడిపొడి అయిపోయాయి. నిలిచి ఉన్నవి లెక్కపెడితే 43.

అప్పుడు నేను చేసిన తప్పును ముందు చెబుతాను. మీరు చేయకుండా ఉండటానికి.

మర్నాటి నుంచి నేనే ఎదురుగా నిలబడి, చీటీలో రాసినవన్నీ అమ్మ చేతిలో పెట్టి, నోట్లో వేసుకున్నాకే కదిలాను. చెకింగ్ ఇన్‌స్పెక్టరు బస్సెక్కినట్టే. మూడో రోజు పొద్దున పదకొండు గంటలకు అమ్మ మంచం మీద కూర్చుని ఉంది. రవిక తడిసిపోయింది. చేతులు వణుకుతున్నాయి. నన్ను చూసి, ఎప్పుడో పోయిన మా నాన్న పేరు పెట్టి పిలిచింది. గ్లూకోమీటర్‌తో చూస్తే 52. మూడు చెంచాల చక్కెర అర గ్లాసు నీళ్లలో కలిపి తాగించాను. పావుగంట తర్వాత 81. ఆ తర్వాత కాస్త పప్పన్నం తినిపించాం. ఆ పావుగంట నా సర్వీసు మొత్తం కంటే పొడుగ్గా గడిచింది.

జరిగినదేమిటో డాక్టరుగారు చెప్పాకే అర్థమైంది. అమ్మ మాత్రలు సగం కూడా వేసుకోవడం లేదు. ఆ సంగతి తెలియక, అన్నీ వేసుకుంటోందన్న లెక్క మీద ఆయన మోతాదు పెంచుతూ పోయారు. ఆ పెంచిన మోతాదంతా నేను ఒక్కసారిగా ఒంట్లోకి పంపాను. కాబట్టి మీ ఇంట్లో పెద్దవాళ్లు మందులు దాచిపెట్టడమో పారేయడమో మీ కంటబడితే, ఆ రోజే పూర్తి మోతాదు మొదలుపెట్టకండి. ముందు డాక్టరుకు ఫోను చేయండి, లేదా తీసుకెళ్లండి. ఎన్ని మానేశారో లెక్క చెప్పండి. ఏ మోతాదుతో మళ్లీ మొదలుపెట్టాలో ఆయనే తేలుస్తారు.

షుగరు పడిపోయిన గుర్తులు ఇంట్లో అందరికీ తెలియాలి: చెమటలు, వణుకు, గుండెదడ, ఆకలి, తికమక మాటలు. పెద్దవాళ్లలో ఒక్కోసారి చెమట, వణుకు కనిపించవు, మాట తడబడటమే మొదటి గుర్తు. "వయసు మీద పడింది, అలాగే మాట్లాడుతుంది" అని వదిలేస్తారు. మీటరులో 70 కంటే తక్కువ వస్తే చక్కెర నీళ్లో గ్లూకోజో ఇచ్చి, పావుగంటకు మళ్లీ చూడాలి. పెరగకపోతే మళ్లీ ఇవ్వాలి. మీటరు లేదని ఆగవద్దు. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకూడదు, గొంతుకు అడ్డం పడుతుంది. 108కి ఫోను చేయడమే.

మొండితనం అనేముందు

కారణం నాకు చెప్పలేదు అమ్మ. ఒక మధ్యాహ్నం మెంతికూర ఒలుస్తూ మా ఇంటావిడకు చెప్పింది. ఆ తెల్ల మాత్ర వేసుకుంటే కడుపులో గడబిడ, గంటకోసారి విరేచనం. మా పాత ఇంట్లో మరుగుదొడ్డి పెరట్లో, రెండు మెట్లు దిగి ఆ చివర. ఒక రాత్రి చీకట్లో వెళ్తూ మెట్టు మీద జారింది. తుంటి విరగలేదు కానీ భయం మిగిలింది. అప్పటి నుంచి రాత్రి మాత్ర సంచిలోకి పోయింది. నేను కోప్పడతానని ఎవరికీ చెప్పలేదు.

మాత్రకూ మెట్టుకూ సంబంధం ఉంటుందని నాకెలా తోస్తుంది? మేం "మొండి" అని పేరు పెట్టి ఊరుకున్నాం.

దీనికి చేసిన వైద్యం చాలా చిన్నది. మెట్‌ఫార్మిన్ కడుపును ఇబ్బంది పెట్టడం మామూలే, ఖాళీ కడుపుతో వేసుకుంటే మరీ. డాక్టరుగారు మోతాదు తగ్గించి, నెమ్మదిగా కరిగే రకానికి మార్చి, రాత్రి అన్నం తిన్న వెంటనే వేయమన్నారు. నేను పెరటి మెట్ల దగ్గర ఒక బల్బు, గోడకు పట్టుకోవడానికి ఒక ఇనుప కడ్డీ పెట్టించాను. మందులకు నెలకు అయ్యే దానికంటే ఆ కడ్డీకి ఎక్కువ ఖర్చు కాలేదు. అమ్మ షుగరుకు దానికంటే మంచి మందు ఇంతవరకూ పడలేదని నా లెక్క.

నెమ్మదిగా కరిగే మాత్రను నలగ్గొట్టి, పొడి చేసి ఇవ్వకూడదు. ఇంకో సంగతి: ఆ రకం మాత్రల్లో కొన్నింటి పైడొల్ల అలాగే మలంలో కనిపిస్తుంది. "మాత్ర కరగనే లేదు, ఇక ఎందుకు దండగ" అని అమ్మ ఒకసారి మళ్లీ మానబోయింది. మందు ఒంట్లోకి దిగిపోయిందనీ, వచ్చేది డొల్లేననీ ముందే చెప్పి ఉంచండి.

మందులు మానడం మా అమ్మ ఒక్కతి చేసిన పని కాదు. అభివృద్ధి చెందిన దేశాల్లోనే దీర్ఘకాలిక జబ్బులున్నవారిలో సగం మందే మందులు సరిగా వాడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లోనే చెప్పింది. బస్సులో వెళ్లేవాళ్లనూ, ఆసుపత్రి బల్లల మీద కూర్చున్నవాళ్లనూ అడిగి నేను పోగుచేసిన కారణాలు ఇవి. "మందులు ఎక్కువైతే కిడ్నీలు పోతాయి" అనేది అన్నిటికంటే ఎక్కువగా వినబడింది. నిజానికి ఏళ్ల తరబడి అదుపులో లేని షుగరే కిడ్నీలను తినేస్తుంది. కిడ్నీ పనితీరును బట్టి కొన్ని మందుల మోతాదు మార్చాలన్నది మాత్రం నిజం. అందుకే ఏడాదికోసారి ఆ పరీక్ష చేయించమంటారు. రెండోది, "షుగరు నార్మల్‌కు వచ్చింది, ఇక మందెందుకు" అనడం. మందు వేసుకుంటున్నందుకే నార్మల్‌లో ఉందని వాళ్లకు మనం చెప్పాలి. మూడోది బయటికి రాదు: కొడుకు డబ్బు ఖర్చవుతుందని. ఒకావిడ నెల మాత్రలను రెండు నెలలకు సర్దుకుంటానని నాతో గర్వంగా చెప్పింది. అలాంటి ఇంట్లో మందుల ధర వాళ్ల ముందు మాట్లాడకండి. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా ఇచ్చేవి, జన ఔషధి దుకాణంలో తక్కువకు దొరికేవి ఏవో కనుక్కుని అదే చెప్పండి.

కారణం రాబట్టడానికి ప్రశ్న మార్చాలి. "వేసుకున్నావా?" అంటే "ఆఁ" తప్ప వేరే జవాబు రాదు. "ఈ వారంలో ఎన్నిసార్లు మరిచిపోయి ఉంటావమ్మా?" అని అడిగి చూడండి. మరిచిపోవడం తప్పు కాదన్న భరోసా ఆ ప్రశ్నలోనే ఉంది. నేను అలా అడిగిన మొదటిసారే "మూడు" అని వచ్చింది. మీరు అడిగితే చెప్పకపోతే ఎవరితో చెబుతారో చూసి వాళ్లతో అడిగించండి. మా ఇంట్లో ఆ మనిషి కోడలు.

లెక్క

టికెట్ మిషన్లు రాకముందు మా దగ్గర టికెట్ల కట్టలుండేవి. స్టేజీ స్టేజీకీ ఏ నంబరు దాకా చింపామో ఎస్సార్ కాగితంలో రాయాలి. చివరి నంబరులోంచి మొదటి నంబరు తీసివేస్తే ఎన్ని అమ్మామో తేలుతుంది. మాత్రలకూ అదే పద్ధతి పెట్టాను. నెల మొదటి రోజు ఇంట్లో ఎన్ని ఉన్నాయో క్యాలెండరు మీద రాస్తాం. 60 ఉన్నాయి, రోజుకు రెండు. పదో తేదీ రాత్రికి 40 మిగలాలి. 47 ఉంటే ఏడు తప్పాయి. 36 ఉంటే ఇంకా ప్రమాదం: వేసుకున్న సంగతి మరిచి మళ్లీ వేసుకుంటున్నారన్నమాట.

లెక్కపెట్టేది నేను కాదు, అమ్మే. చెకింగ్ వాళ్లు ఎక్కితే కండక్టరు గుండె ఎలా కొట్టుకుంటుందో నాకు తెలుసు. ఆ పని ఇంట్లో పెట్టుకోదలచలేదు. అమ్మకు చదువు రాకపోయినా లెక్క వస్తుంది. చెనిక్కాయలు మూటలు మూటలుగా అమ్మిన మనిషి. పదేసి చొప్పున షీట్లు పేర్చి, "ఇవి నాలుగు, ఇవి మూడు బిళ్లలు" అని చెబుతుంది, నేను రాస్తాను. తప్పితే ఆమే ముందు గుర్తు చేసుకుంటుంది: "పెళ్లికి పోయిన రోజు". ఒక పూట మరిచిపోతే తర్వాతి పూట రెండు వేసుకోకూడదు. ఈ ఒక్కటీ ఆమెకు కంఠతా వచ్చేదాకా చెప్పాను.

ఏడు గదుల మాత్రల డబ్బా మెడికల్ షాపులో దొరుకుతుంది. పొద్దుటికీ రాత్రికీ వేరు గదులున్నది తీసుకోండి. మా మనవరాలు ఒక వరుసకు సూర్యుడు, ఒక వరుసకు చంద్రుడు బొమ్మలు గీసింది. కొన్ని మాత్రలకు గాలి తగలకూడదు, డబ్బాలో పోసేముందు షాపులో అడగాలి. కత్తెరతో షీటును ఒక్కో మాత్రగా కత్తిరించి పెట్టడం మాత్రం వద్దు. చూపు సరిగా లేనివాళ్లు రేకుతో సహా మింగేస్తారు, ఆ అంచులు గొంతును కోస్తాయి. షాపువాళ్లు కంపెనీ మార్చి ఇచ్చినప్పుడల్లా మాత్ర రంగు, ఆకారం మారతాయి. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి "మందు అదే, చొక్కా మారింది" అని చూపించాలి. లేకపోతే రెండూ వేసుకుంటారు, లేదా రెండూ మానేస్తారు.

డబ్బాను ఎక్కడ పెట్టాలన్నది కూడా ముఖ్యమే. మొదట దేవుడి గూటిలో పెట్టాం, మరిచిపోయేది. ఇప్పుడు అమ్మ పళ్లెం, గ్లాసు ఉండే అరలో పెట్టాం. పళ్లెం తీయకుండా అన్నం తినదు కదా.

సంగటి, పాలకోవా, ఉపవాసం

"రాగిసంగటి షుగరుకు మంచిది, ఎంతైనా తినొచ్చు" అని మా వైపు ఒక నమ్మకం. సంగటిలో బియ్యం కూడా వేస్తామన్న సంగతి అప్పుడు గుర్తుకు రాదు. రాగి మంచిదే, ముద్ద ఎంత అన్నదే ప్రశ్న. అమ్మకు రెండు ముద్దలు ఒకటి అయ్యింది. ఆ ఖాళీని పప్పు, ఆకుకూర నింపాయి. ఊరుబిండి పచ్చడి మానమనలేదు. ఏదీ పూర్తిగా మానమనకపోవడమే మా రహస్యం.

ఇంతకంటే ముఖ్యం, తిండి తగ్గితే మందు కూడా మాట్లాడుకోవాలి. మనం అన్నం తినకపోయినా గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర షుగరును తగ్గిస్తుంది. "ఆకలి లేదు" అని అమ్మ కంచం ముందు నుంచి లేచిపోయిన పూట ఆ మాత్ర వేయాలా వద్దా అన్నది డాక్టరుగారి చేత చీటీ మీద రాయించుకున్నాం. వాంతులు, విరేచనాలు, జ్వరం వచ్చిన రోజున ఏవి ఆపాలో, ఏవి ఆపకూడదో కూడా. ఒంట్లో నీరు తగ్గినప్పుడు మెట్‌ఫార్మిన్ ఆపమనవచ్చు. ఇన్సులిన్ వాడేవాళ్లు మాత్రం తమంతట తాము ఆపకూడదు. మే నెల కడప ఎండల్లో ఈ కాగితం చాలా అవసరం.

గువ్వలచెరువు పాలకోవా నా పాపం. రాయచోటి బస్సు అక్కడ ఆగినప్పుడల్లా ఒక పొట్లం తెచ్చేవాణ్ణి, అమ్మకు ఆ రుచి నేనే మప్పాను. షుగరు వచ్చాక పూర్తిగా బందు పెట్టాను. ఫలితం? మనవరాలు జేజికి దొంగతనంగా తెచ్చి ఇచ్చేది, ఖాళీ కడుపుతో నాలుగైదు బిళ్లలు ఒకేసారి లోపలికి పోయేవి. ఇప్పుడు నెలకోసారి నేనే తెస్తాను. అన్నం తిన్నాక, అందరి ముందు, ఒక చిన్న ముక్క. ఆ పూట సంగటి సగం. దొంగ సరుకు ఆగిపోయింది.

ఉపవాసాల సంగతి పక్కింటి సాయెబుగారి దగ్గర నేర్చుకున్నాను. ఆయనకు 70 దాటాయి, రంజాన్ రోజాలు వదలరు. నెలా రెండు నెలల ముందే డాక్టరు దగ్గరికి వెళ్లి, మందుల వేళలు, మోతాదులు సహరీకి, ఇఫ్తార్‌కు తగినట్టు మార్పించుకుంటారు. షుగరు 70 కంటే దిగినా, 300 దాటినా ఆ రోజు రోజా విడవాలని ఆయనకు గట్టిగా చెప్పారు. వేలిమీద చుక్క రక్తం తీసి చూసుకుంటే రోజా చెడదని వాళ్ల పెద్దలు చెప్పారట. ఆరోగ్యం బాగాలేదని డాక్టరు వద్దన్న ఏడాది, ఆయన ఉండలేదు. మన శనివారాలకు మనం ఇంత ముందుచూపు చూపించం.

ఇన్సులిన్, కుండ

మా చిన్నాన్న పల్లెలో ఒంటరిగా ఉంటారు. పొద్దునా రాత్రీ ఇన్సులిన్. ఇంట్లో ఫ్రిజ్ లేదు. విప్పని సీసా 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి, కానీ గడ్డకట్టకూడదు. వాడుతున్నది ఎండ తగలని చల్లని చోట నాలుగు వారాల వరకు పనిచేస్తుంది. 40 డిగ్రీలు దాటే ఊళ్లో చల్లని చోటు ఎక్కడ? పెద్ద కుండలో ఇసుక పోసి తడిపి, అందులో చిన్న కుండ దించి, నీళ్లు తగలకుండా మూత బిగించిన డబ్బాలో సీసా పెట్టి, ఆ చిన్న కుండలో ఉంచాం. పైన తడిగుడ్డ. రోజూ రెండుసార్లు ఇసుక తడపాలి. విప్పని సీసాలను పక్క వీధిలో ఫ్రిజ్ ఉన్నవాళ్ల ఇంట్లో పెట్టి, ఒక్కొక్కటే తెచ్చుకుంటారు. విప్పిన తేదీ సీసా మీద రాస్తాం.

ఇంకొక ఏడాది ఆయన షుగరు ఉన్నట్టుండి 400 దాటింది. సూది తప్పకుండా వేసుకుంటున్నారు. లెక్క కుదరడం లేదు. వెళ్లి ఆయన సూది వేసుకుంటుంటే పక్కన కూర్చుని చూశాను. సిరంజి మూత నారింజ రంగు. మన దగ్గర సీసాల్లో దొరికే ఇన్సులిన్ సాధారణంగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది, దానికి ఎర్ర మూత సిరంజి వాడాలి. నారింజ మూతది 100 యూనిట్ల మందుకు. ఒక షాపులో ఎర్రవి అయిపోయాయని ఇవి ఇచ్చారట. ఆ సిరంజిలో 20 గీత దాకా తీస్తే ఒంట్లోకి వెళ్లేది 8 యూనిట్లే. తారుమారైతే, అంటే 100 మందును ఎర్ర మూత సిరంజితో తీస్తే, రెండున్నర రెట్లు ఎక్కువ వెళుతుంది, ప్రాణం మీదికే వస్తుంది. సీసా మీది అంకె, సిరంజి మీది అంకె ఒకటేనా అని కొన్న చోటే చూసుకోండి. ఇది ముసలివాళ్ల కళ్లకు వదిలేసే పని కాదు.

అదే రోజు మరో సంగతి కనబడింది. బొడ్డు పక్కన ఒకే చోట గట్టిగా, గడ్డలా ఉంది. "అక్కడ నొప్పి తెలియదు" అని చిన్నాన్న అక్కడే పొడుచుకుంటున్నారు. అలాంటి చోట మందు సరిగా పీల్చుకోదు. రోజూ వేలెడంత జరిపి వేసుకోవాలి. తెల్లగా మసకగా ఉండే రకాన్ని గిలకొట్టకుండా, అరచేతుల మధ్య మెల్లగా దొర్లించి కలపాలి. గీతలు కనబడనివాళ్లకు, తిప్పితే టిక్కుటిక్కుమనే పెన్ను తేలిక. చిన్నాన్న ఇప్పుడు దానికే మారి, టిక్కులు లెక్కపెట్టుకుంటున్నారు.

పాదాల గురించి ఒక్క మాట. ఎండాకాలం మధ్యాహ్నం దేవుని కడప గుడికి చెప్పులు విడిచి వెళ్లిన చిన్నాన్నకు అరికాళ్లు బొబ్బలెక్కాయి. ఇంటికొచ్చి నేను చూసేదాకా ఆయనకు తెలియదు. స్పర్శ తగ్గిన పాదాలు అలాగే మోసం చేస్తాయి. గుడికి తెల్లవారుజామునే వెళ్లండి. రోజూ రాత్రి వేళ్ల సందులతో సహా అరికాళ్లు ఎవరో ఒకరు చూడాలి.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక సంచిలో వేసుకెళ్లండి: బీపీవి, మోకాళ్ల నొప్పులవి, ఎవరో ఇచ్చిన నేరేడు గింజల పొడి కూడా. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీ ఏ1సీ ఎంతలో ఉంటే చాలో అడగండి. నాకూ షుగరే, నాకు ఏడు లోపు ఉండాలన్నారు. అమ్మ వయసుకూ బలహీనతకూ ఎనిమిది దాకా ఫరవాలేదన్నారు. గట్టిగా తగ్గించబోయి, షుగరు పడిపోయి, కిందపడి తుంటి విరిగితే ఆ ఒక్క అంకె ఎందుకు?

ఈ నెల లెక్కలో ఒక మాత్ర ఎక్కువ వచ్చింది. అమ్మ కాసేపు షీట్ల వైపు చూసి, "ఏకాదశి కదా నాయనా, ఆ పొద్దు ఏమీ తినలేదు, తినకపోతే వేసుకోవద్దన్నావు కదా" అంది. నిజమే, నేనే అన్నాను. ఏకాదశి ముందు రోజు రాత్రి మాత్ర సంగతి మాత్రం ఇద్దరం అడగలేదు. చీటీ వెనక రాసి పెట్టాను, పదిహేడో తేదీన చూపిస్తాను.